అడవిని ఏ మూరతో కొలవాలి?

బజారులో పూలమాల కొనేటప్పుడు మీరు గమనించే ఉంటారు. పూలమ్మే ఆమె మాలను తన మోచేతి నుండి వేలి కొస దాకా సాగదీసి "ఇదిగో, మూర" అంటుంది. పక్కన కూర్చున్న మరో ఆమె చెయ్యి కాస్త పొట్టిదైతే ఆమె మూరా పొట్టిదే. మనం ఒక మూరో రెండు మూరలో కొనుక్కుని వెళ్ళిపోయినంత కాలం దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. కాని బజారులోని పూలన్నీ కలిపి ఎన్ని మూరలని ఎవరైనా అడిగితే అప్పుడు చిక్కు వచ్చిపడుతుంది. పది రకాల మూరలను కలిపితే వచ్చే మొత్తానికి అర్థం లేదు.

ప్రపంచంలో అడవులు ఎన్ని ఉన్నాయి? ఏటా ఎంత అడవి పోతోంది? ఈ ప్రశ్నలు అడిగిన శాస్త్రజ్ఞులకు ఎదురైన చిక్కు కూడా ఇదే. అడవులు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కలపలోను, నేలలోను దాచిపెడతాయి. నదులకు నీటిని అందిస్తాయి. లెక్కలేనన్ని జీవజాతులకు నీడనిస్తాయి. వీటి ప్రభావం దేశాల సరిహద్దుల దగ్గర ఆగదు. అందువల్ల వీటి బాగోగులను ప్రపంచమంతా కలిసి గమనించాలనడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అయితే కలిసి గమనించాలంటే ముందుగా అందరి చేతిలోనూ ఒకే కొలబద్ద ఉండాలి. గడచిన డెబ్బై అయిదేళ్ళకు పైగా అటవీ రంగంలో జరిగిన అంతర్జాతీయ సహకారమంతా చాలా వరకు ఈ కొలబద్ద కోసం జరిగిన అన్వేషణే.

అడవి అంటే ఏమిటి?

ఇది మరీ చిన్నపిల్లల ప్రశ్నలా కనిపిస్తుంది. చెట్లు గుంపుగా ఉంటే అడవి అంటాం. మరి ఎన్ని చెట్లుంటే గుంపు? వాటి మధ్య ఎంత ఖాళీ ఉండవచ్చు? తుప్పలు, పొదలు చెట్ల కిందికి వస్తాయా? మామిడితోట అడవేనా? కలప కోసం నిన్ననే నరికి, మళ్ళీ మొక్కలు నాటబోతున్న స్థలం మాటేమిటి?

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఐరోపాలో ఇళ్ళు కూలిపోయి కలపకు తీవ్రమైన కొరత ఏర్పడింది. ఎక్కడ ఎంత కలప ఉందో తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. 1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పని చేపట్టింది. ఈ సంస్థను క్లుప్తంగా ఎఫ్.ఎ.ఓ. అంటారు. అది దేశాలకు ప్రశ్నావళులు పంపి, వచ్చిన జవాబులను కూర్చి 1948లో ప్రపంచ అటవీ వనరుల మొదటి లెక్కను ప్రచురించింది. అప్పటి ముఖ్య ప్రశ్న కలప ఎంత అన్నదే. వాతావరణం గురించి గాని, జీవవైవిధ్యం గురించి గాని ఆనాడు ఎవరూ అడగలేదు.

ఆ తరువాత అయిదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి ఎఫ్.ఎ.ఓ. ఈ లెక్కను మళ్ళీ వేస్తూ వచ్చింది. క్రమంగా ఒక నిర్వచనం రూపుదిద్దుకుంది. ఈనాడు ఆ సంస్థ లెక్కలో అడవి అనిపించుకోవాలంటే మూడు షరతులుండాలి. స్థలం అర హెక్టారుకు మించి ఉండాలి. అందులోని చెట్లు అయిదు మీటర్లకు మించి ఎదిగినవో, ఎదగగలిగినవో కావాలి. చెట్ల ఆకుల పందిరి నేలలో 10 శాతానికి మించి కప్పాలి. అంటే మీరు పైనుండి చూసినప్పుడు ప్రతి వంద చదరపు మీటర్లలో పది చదరపు మీటర్లకు మించి ఆకుపచ్చ గొడుగు కనిపిస్తే చాలు. దీనికి తోడు ఆ నేలను ప్రధానంగా వ్యవసాయానికి గాని, ఊరికి గాని వాడుతూ ఉండకూడదు. కాబట్టి పండ్లతోటలు, ఆయిల్‌పామ్ తోటలు ఈ లెక్కలోకి రావు. రబ్బరు తోటలు మాత్రం వస్తాయి!

చెట్టు మొలవకుండానే పెరిగిన అడవి

ఈ నిర్వచనంలో ఒక్క అంకె మారితే ఏమవుతుందో చూడండి. 1990 నాటి లెక్కల్లో పందిరి షరతు అభివృద్ధి చెందుతున్న దేశాలకు 10 శాతం, పారిశ్రామిక దేశాలకు 20 శాతం ఉండేది. అంటే ప్రపంచపు రెండు భాగాలకు రెండు మూరలన్నమాట. 2000 సంవత్సరపు లెక్కలో మొదటిసారిగా అన్ని దేశాలకూ 10 శాతమే అని నిర్ణయించారు.

ఫలితం ఆశ్చర్యకరంగా వచ్చింది. 1995 నాటి అడవుల విస్తీర్ణం సుమారు 345 కోట్ల హెక్టార్లని అంతకుముందు ప్రకటించారు. 2000 నాటి లెక్క సుమారు 387 కోట్ల హెక్టార్లుగా తేలింది. ఈ రెండింటికీ తేడా 40 కోట్ల హెక్టార్ల పైచిలుకు. మన దేశపు మొత్తం విస్తీర్ణం దాదాపు 33 కోట్ల హెక్టార్లే! అంటే భారతదేశం కంటే పెద్దదైన అడవి అయిదేళ్ళలో పుట్టుకొచ్చిందా? లేదు. ఆ అయిదేళ్ళలోనూ ఉష్ణమండలపు అడవులు నరుకుతూనే ఉన్నారు. పెరిగింది అడవి కాదు, అడవి అనే మాటకున్న అర్థం. దానికి తోడు కొన్ని దేశాల నుండి కొత్త సర్వే వివరాలు అందాయి. ఆస్ట్రేలియానే తీసుకోండి. అక్కడ విడివిడిగా చెట్లున్న పలుచటి వనాలు విస్తారంగా ఉన్నాయి. షరతు 20 శాతమైనప్పుడు లెక్కకు రాని ఆ వనాలు 10 శాతం కాగానే వచ్చి చేరాయి. సుమారు 4 కోట్ల హెక్టార్లుగా ఉన్న ఆ దేశపు అడవి 15 కోట్లు దాటిపోయింది.

ఈ పొరపాటుకు చిక్కకుండా ఉండడానికి ఒక సూత్రం పాటిస్తారు. నిర్వచనం మారిన ప్రతిసారీ పాత సంవత్సరాల లెక్కలను కూడా కొత్త నిర్వచనంతో తిరిగి వేస్తారు. రెండు సంవత్సరాలను పోల్చేటప్పుడు ఒకే నివేదికలోని అంకెలనే పోల్చాలి. పాత పుస్తకంలోని అంకెను, కొత్త పుస్తకంలోని అంకెను పక్కపక్కన పెట్టకూడదు. పరీక్షల కోసం గణాంకాలు బట్టీ పట్టే విద్యార్థులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఎఫ్.ఎ.ఓ. 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 414 కోట్ల హెక్టార్ల అడవి ఉంది. భూభాగంలో ఇది సుమారు 32 శాతం. 2015-2025 మధ్య ఏటా సగటున 1 కోటి 9 లక్షల హెక్టార్ల అడవిని నరికి ఇతర అవసరాలకు మళ్ళించారు. అదే కాలంలో కొన్నిచోట్ల కొత్తగా నాటినవి, వాటంతట అవే మొలిచినవి కలుపుకుంటే నికరంగా పోయింది ఏటా 41 లక్షల హెక్టార్లు. 1990-2000 దశకంలో ఈ నికర నష్టం ఏటా 1 కోటి 7 లక్షల హెక్టార్లుండేది. నష్టం తగ్గిందన్నది శుభవార్తే. అయితే నికర నష్టమనే అంకెలో ఒక కిటుకు ఉంది. అమెజాన్‌లో వందల ఏళ్ళ నాటి అడవి ఒక హెక్టారు పోయి, మరోచోట ఒకే జాతి మొక్కల తోట ఒక హెక్టారు వస్తే నికర నష్టం సున్నా. అక్కడి పక్షులకు, జంతువులకు, ఆ అడవిని నమ్ముకున్న గిరిజనులకు మాత్రం ఆ నష్టం సున్నా కాదు.

ఒకే ఉపగ్రహం, రెండు లెక్కలు

కొలబద్ద తగాదా దేశాల మధ్యనే కాదు, ఒకే దేశంలోని రెండు సంస్థల మధ్య కూడా రావచ్చు. ఇందుకు మన దేశమే మంచి ఉదాహరణ.

1972 జులైలో అమెరికా మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. భూమి ఉపరితలాన్ని క్రమం తప్పకుండా చిత్రించడం అప్పటి నుండే మొదలయింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ నగరానికి చేరువలోని షాద్‌నగర్ వద్ద భూ కేంద్రాన్ని నెలకొల్పి, 1979 నుండి లాండ్‌శాట్ చిత్రాలను నేరుగా అందుకోసాగింది. ఈ సంస్థనే ఇప్పుడు జాతీయ దూరసంవేదన కేంద్రం అంటున్నారు.

1980వ దశకం మధ్యలో ఆ సంస్థ వెల్లడించిన ఫలితాలు దేశాన్ని ఉలిక్కిపడేలా చేశాయి. 1972-75 నాటి చిత్రాల ప్రకారం దేశంలో అడవులున్న భాగం 16.89 శాతం. 1980-82 నాటి చిత్రాల్లో అది 14.10 శాతానికి పడిపోయింది. అంటే ఏటా సుమారు 13 లక్షల హెక్టార్ల అడవి పోతున్నట్లు లెక్క తేలింది. అటవీశాఖల రికార్డుల్లో మాత్రం అడవి దాదాపు 23 శాతం ఉంది. రికార్డుల్లోనిది చట్టరీత్యా అడవిగా ప్రకటించిన నేల. దాని మీద చెట్లున్నా లేకపోయినా అది అడవే. ఉపగ్రహానికి చట్టం తెలియదు. దానికి కనిపించేది ఆకుపచ్చదనం ఒక్కటే.

మరోవైపు డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఇదే పని చేపట్టింది. ఎఫ్.ఎ.ఓ., ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమాల సహాయంతో 1965లో మొదలైన ఒక సర్వే పథకమే 1981లో ఈ సంస్థగా మారింది. అంటే దీని పుట్టుకలోనే అంతర్జాతీయ సహకారం ఉంది. ఈ సంస్థ 1987లో తన మొదటి నివేదికను ప్రకటించింది. 1981-83 నాటి లాండ్‌శాట్ చిత్రాల ఆధారంగా అందులో అడవుల భాగం సుమారు 19.5 శాతమని తేల్చింది.

ఒకే వరుస ఉపగ్రహాలు, ఇంచుమించు అవే సంవత్సరాలు. అయినా ఒకరి లెక్క 14, మరొకరిది 19.5! తరువాత రెండు సంస్థల నిపుణులూ కలిసి కూర్చుని తమ పటాలను సరిపోల్చుకుని 19.5 శాతం దగ్గర ఒక అంగీకారానికి వచ్చారు.

ఇటువంటి తేడాలు ఎందుకు వస్తాయి? ఆనాటి చిత్రంలో ఒక్కొక్క చుక్క నేల మీద సుమారు 80 మీటర్ల భాగానికి సమానం. చుక్కలో సగం పొలం, సగం చెట్లు ఉంటే దాన్ని ఏమనాలి? పటం మీద గుర్తించదగిన అతి చిన్న తోపు ఎంత ఉండాలి? అన్నిటినీ మించి చిత్రం ఏ నెలలో తీశారు? ఆదిలాబాద్ టేకు అడవిని వేసవిలో పైనుండి చూస్తే ఎండుటాకులు, మోడులు తప్ప ఏమీ కనిపించవు. అదే అడవి కార్తీకమాసంలో పచ్చగా కళకళలాడుతుంది. అందుకే మన అటవీ సర్వే సంస్థ ప్రధానంగా అక్టోబరు, డిసెంబరు మధ్య తీసిన చిత్రాలను ఎంచుకుంటుంది.

ఈ సంస్థ సుమారు రెండేళ్ళకు ఒకసారి నివేదిక ఇస్తూ వస్తోంది. 2023 సంవత్సరపు నివేదిక 2024 డిసెంబరులో వెలువడింది. దాని ప్రకారం దేశంలో అడవి కప్పిన ప్రాంతం 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 21.76 శాతం. ఇక్కడ మన కొలబద్ద వేరు. ఒక హెక్టారు, అంతకు మించిన స్థలంలో పందిరి 10 శాతం ఉంటే చాలు, ఆ నేల ఎవరిదైనా, ఆ చెట్లు ఏవైనా లెక్కలోకి వస్తాయి. కొబ్బరితోట, మామిడితోట, కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిల్ తోట కూడా అందులో ఉంటాయి. ఎఫ్.ఎ.ఓ. లెక్కలో మామిడితోట అడవి కాదు, మన లెక్కలో అవుతుంది. అందుకే ఏ అంకెనైనా చదివేటప్పుడు అది ఏ మూరతో కొలిచినదో చూడాలి.

పొరుగు దేశపు పొగ

విస్తీర్ణం ఒక్కటే తెలిస్తే సరిపోదు. అడవి ఉన్నచోటనే ఉండి జబ్బు పడవచ్చు. 1970వ దశకం చివర, 1980వ దశకం మొదట పశ్చిమ జర్మనీలో ఇదే జరిగింది. ఫర్, స్ప్రూస్ చెట్ల సూది ఆకులు పసుపురంగుకు తిరిగి రాలిపోసాగాయి. బొగ్గును మండించే విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు వదిలే సల్ఫర్ డయాక్సైడు ఆమ్లవర్షంగా కురిసి నేలను పాడుచేస్తోందని బెర్న్‌హార్డ్ ఉల్రిక్ అనే నేల శాస్త్రజ్ఞుడు హెచ్చరించాడు. అడవి చచ్చిపోతోందన్న భయం దేశమంతటా వ్యాపించింది.

పొగకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒక దేశపు పొగగొట్టం నుండి వెలువడిన వాయువు గాలివాటున వందల కిలోమీటర్లు పోయి మరో దేశపు అడవి మీద పడుతుంది. ఈ సంగతి స్కాండినేవియా దేశాలకు అప్పటికే అనుభవం. అందువల్ల 1979లో జెనీవాలో సరిహద్దులు దాటే వాయు కాలుష్యంపై ఒక ఒడంబడిక కుదిరింది. అది ప్రచ్ఛన్న యుద్ధకాలమన్నది గుర్తుంచుకోవాలి. క్షిపణులను ఒకరిపై ఒకరు గురిపెట్టుకున్న తూర్పు, పడమర దేశాలు రెండూ దానిపై సంతకాలు చేశాయి. దాని కింద 1985లో అడవుల ఆరోగ్యాన్ని గమనించే ఉమ్మడి కార్యక్రమం మొదలయింది.

పద్ధతి చెప్పుకోవడానికి చాలా సులువు. ఐరోపా పటం మీద 16 కిలోమీటర్లకు ఒక గీత చొప్పున నిలువుగా, అడ్డంగా గళ్ళు గీశారు. గీతలు కలిసే బిందువు అడవిలో పడితే అక్కడ ఒక నమూనా స్థలం. ఏటా వేసవిలో నిపుణులు అక్కడికి వెళ్ళి, గుర్తుపెట్టిన చెట్లను బైనాక్యులర్లతో చూస్తారు. నిండుగా ఉండవలసిన ఆకుల్లో ఎంత శాతం లోపించిందో 5 శాతం మెట్లలో అంచనా వేస్తారు. లోపం 25 శాతం దాటితే ఆ చెట్టు దెబ్బతిన్నట్లు లెక్క. ఇవి కాక కొన్ని వందల స్థలాల్లో వాననీటిని, నేలను, ఆకుల్లోని రసాయనాలను కూడా పరీక్షిస్తారు.

అసలు చిక్కు పటాలు గీసినప్పుడు బయటపడింది. కొన్నిచోట్ల సరిహద్దుకు ఇటువైపు చెట్లు ఆరోగ్యంగానూ, అటువైపు చెట్లు జబ్బుగానూ కనిపించాయి. అదే కొండ, అదే గాలి, అదే జాతి చెట్టు. తేడా చెట్టులో లేదు, చూసిన కంటిలో ఉంది. ఒక దేశపు నిపుణుడు పుస్తకంలోని ఆదర్శవృక్షంతో పోల్చి చూస్తే, మరో దేశపు నిపుణుడు ఆ ప్రాంతంలో దొరికే మంచి చెట్టుతో పోల్చాడు.

దీనికి వారు కనిపెట్టిన మందు యంత్రం కాదు. వివిధ దేశాల నిపుణులను ఒకే అడవిలో సమావేశపరచి, ఒకే చెట్టు కింద నిలబెట్టి, ఎవరికి వారు అంకె రాయమంటారు. తరువాత అందరి కాగితాలనూ పక్కపక్కన పెట్టి తేడాలు ఎందుకొచ్చాయో చర్చిస్తారు. చెట్ల ఫొటోలతో మార్గదర్శక పుస్తకాలు తయారుచేశారు. సంగీత కచేరీకి ముందు వాద్యాలన్నిటినీ ఒకే శ్రుతికి తెచ్చుకోవడం లాంటిదే ఇదీ.

మరి అడవి చచ్చిపోయిందా? లేదు. కాలుష్య కారకాలను తగ్గించాలని దేశాలు 1985, 1994, 1999 సంవత్సరాల్లో ఒకదాని తరువాత ఒకటిగా ఒప్పందాలు చేసుకున్నాయి. ఐరోపాలో సల్ఫర్ కాలుష్యం బాగా తగ్గిపోయింది. భయపడినంత ఉపద్రవం రాలేదు. అంత భయం అవసరం లేదని కొందరు, భయపడ్డారు కనుకనే గండం తప్పిందని మరికొందరు ఇప్పటికీ వాదిస్తుంటారు. అయితే ఆ నమూనా స్థలాలకు వెళ్ళడం మాత్రం ఎవరూ మానలేదు. 2018 నుండి వరుసగా వచ్చిన కరవులకు, బెరడును తొలిచే పురుగులు తోడై మధ్య ఐరోపాలో లక్షల హెక్టార్ల స్ప్రూస్ చెట్లు ఎండిపోయాయి. ఈ కొత్త జబ్బు పాత జబ్బు కంటే ఎంత పెద్దదో చెప్పగలగడానికి ముప్పై ఏళ్ళ పైబడిన రికార్డు చేతిలో ఉంది. పొగ కోసం మొదలుపెట్టిన కొలత ఎండలను అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది.

అందరి చేతికీ అందిన చిత్రాలు

కొలబద్ద ఒకటే అయినా అది కొందరి ఇంట్లోనే ఉంటే లాభం లేదు. ఉపగ్రహ చిత్రాల విషయంలో చాలాకాలం జరిగింది ఇదే. ఒక్కొక్క లాండ్‌శాట్ చిత్రానికి వందల డాలర్లు, ఒకప్పుడు వేల డాలర్లు కూడా చెల్లించవలసి వచ్చేది. ఒక పేద దేశం తన అడవిని తానే చూసుకోవాలంటే ఎన్నో చిత్రాలు కొనాలి. అంత డబ్బు ఎక్కడిది?

ఇక్కడ దారి చూపినవారిలో బ్రెజిల్ ఒకటి. ఆ దేశపు అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుండి ఏటా అమెజాన్ అడవిలో ఎంత నరికారో లెక్క కడుతోంది. చైనాతో కలిసి తయారుచేసిన ఉపగ్రహాల చిత్రాలను 2004లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. అదే సంవత్సరం కొత్త నరికివేతలను త్వరగా పసిగట్టి అధికారులకు తెలిపే ఏర్పాటు చేసింది. 2004లో అమెజాన్‌లో ఒక్క ఏడాదికి 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012 నాటికి ఇది 4,571కి తగ్గింది. చట్టాలు, జరిమానాలు, కొత్త రక్షిత ప్రాంతాలు అన్నీ ఇందుకు కారణమే. కాని ఎక్కడ నరుకుతున్నారో తెలియకపోతే ఇవేవీ పనిచేసేవి కావు. తరువాత గాలి మారింది. 2019లో ఈ సంస్థ లెక్కలు నచ్చని ప్రభుత్వం దాని అధిపతిని తొలగించింది. 2021లో నరికివేత 13,000 చదరపు కిలోమీటర్లు దాటింది. కాని ఆ అంకెను దాచడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఎందుకంటే అప్పటికి ఆ అడవిని ఆకాశం నుండి చూసే కళ్ళు ప్రపంచమంతటా ఉన్నాయి. 2024కు నష్టం మళ్ళీ సుమారు 6,300కు తగ్గింది.

2008లో అమెరికా తన లాండ్‌శాట్ భాండాగారం మొత్తాన్ని ఉచితంగా తెరిచింది. 2015 నుండి ఐరోపా వారి సెంటినల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల వివరంతో చిత్రాలను ఉచితంగా ఇస్తున్నాయి. 2013లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, వారి సహచరులు కలిసి ఆరున్నర లక్షలకు పైగా లాండ్‌శాట్ చిత్రాలను కంప్యూటర్లతో పరిశీలించి, 30 మీటర్ల వివరంతో ప్రపంచ పటం తయారుచేశారు. 2000-2012 మధ్య 23 లక్షల చదరపు కిలోమీటర్లలో చెట్లు పోయాయని, 8 లక్షల చదరపు కిలోమీటర్లలో వచ్చాయని అది చూపింది.

ఇక్కడా మూర సంగతి మరువకూడదు. కాగితం కోసం జామాయిల్ తోట నరికితే ఈ పటం మీద అది నష్టంగా కనిపిస్తుంది. మళ్ళీ నాటుతారు కనుక ఎఫ్.ఎ.ఓ. లెక్కలో అది అడవిగానే ఉంటుంది. ఒకటి చెట్లు ఉన్నాయా అని చూస్తుంది, మరొకటి ఆ నేలను దేనికి వాడుతున్నారని అడుగుతుంది. ఒకటి తప్పు, మరొకటి ఒప్పు అనడానికి లేదు. ప్రశ్నలు వేరు కనుక జవాబులు వేరు.

ఎవరి అడవి, ఎవరి లెక్క?

1992లో రియో డి జెనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సులో వాతావరణం మీద, జీవవైవిధ్యం మీద ఒడంబడికలు కుదిరాయి. అడవుల మీద మాత్రం కుదరలేదు. కట్టుబడి తీరాలన్న నియమం లేని కొన్ని సూత్రాలతోనే సరిపెట్టుకున్నారు. మలేషియా, భారత్ వంటి దేశాల అభ్యంతరం అర్థం చేసుకోదగినదే. తమ అడవులను ఏనాడో నరుక్కుని సంపన్నులైన దేశాలు ఇప్పుడు మా అడవుల మీద పెత్తనం చేస్తాయా అన్నది వారి ప్రశ్న.

ఈ అనుమానానికి సమాధానంగా ఎదిగినదే నేటి సహకార పద్ధతి. ఎఫ్.ఎ.ఓ. లెక్కలకు ప్రతి దేశం తన ప్రతినిధిని తానే నియమించుకుంటుంది. అంకెలు ఆ దేశం ఇచ్చినవే. నిర్వచనాలు మాత్రం ఉమ్మడివి. అడవులను కాపాడి కార్బన్ ఉద్గారాలను తగ్గించిన దేశాలకు ప్రతిఫలం అందాలన్న పథకానికి 2013లో వార్సా సమావేశంలో నియమాలు ఏర్పడ్డాయి. ఆ ప్రతిఫలం కోరే దేశం తన అడవిని ఎలా కొలిచిందో వివరంగా చూపాలి, బయటి నిపుణులు దాన్ని పరిశీలిస్తారు. ఇప్పుడు కొలతలోని పొరపాటు పుస్తకంలోని పొరపాటుగా మిగలదు, డబ్బు లెక్కలో పొరపాటవుతుంది.

కార్బన్ కొలవాలంటే విస్తీర్ణం చాలదు. చెట్ల లావు, ఎత్తు, బరువు తెలియాలి. మబ్బులు కమ్మినా పనిచేసే రాడార్లు ఇందుకు అక్కరకొస్తాయి. పొట్టి తరంగాలు ఆకుల దగ్గరే ఆగి తిరిగివస్తాయి. పొడుగు తరంగాలు ఆకుల్లోంచి దూరి కొమ్మలను, మానులను తాకి వస్తాయి. 2025 ఏప్రిల్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థ సుమారు 70 సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే బయోమాస్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అదే సంవత్సరం జులై 30న శ్రీహరికోట నుండి నిసార్ ఉపగ్రహం నింగికెగిరింది. అందులో 24 సెంటీమీటర్ల తరంగాల రాడార్ అమెరికా వారిది, అంతకంటే పొట్టి తరంగాల రాడార్ మన ఇస్రోది. రెండు దేశాల రాడార్లు ఒకే ఉపగ్రహంలో కూర్చుని, 12 రోజులకు ఒకసారి అదే నేల మీదుగా తిరిగివచ్చేలా దీన్ని రూపొందించారు.

అయినా రాడార్ చెప్పింది నిజమో కాదో తెలియాలంటే ఎవరో ఒకరు టేపు పట్టుకుని అడవిలోకి నడవక తప్పదు. చెట్టు చుట్టుకొలత తీసే ఎత్తు మన దేశంలో నేల నుండి 1.37 మీటర్లు, ఐరోపాలో 1.30 మీటర్లు. ఏడు సెంటీమీటర్ల తేడాయే అనుకోవచ్చు. కోట్ల చెట్లకు హెచ్చవేసినప్పుడు దానినీ సరిచేసుకోవలసిందే.

చేసి చూడండి

మీ బడి ఆవరణలో గాని, ఊరి దగ్గరి తోపులో గాని ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఒక మందపాటి కాగితాన్ని గొట్టంలా చుట్టండి. తోపులో వంకరటింకరగా వంద అడుగులు నడవండి. ప్రతి అడుగుకూ ఆగి, గొట్టాన్ని నిట్టనిలువుగా పైకెత్తి చూడండి. గొట్టం మధ్యలో ఆకు గాని కొమ్మ గాని కనిపిస్తే ఒక గీత గీయండి. ఆకాశం కనిపిస్తే వదిలేయండి. వందలో ఎన్ని గీతలు వచ్చాయో అదే మీ తోపు పందిరి శాతం.

ఇప్పుడు మీ స్నేహితుణ్ణి విడిగా అదే పని చేయమనండి. మీ అంకె చెప్పకండి. ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాసి చూడండి. ఒకటిగా రావు. ఎందుకు రాలేదో మాట్లాడుకోండి. ఎక్కడ నడిచారు? సగం ఆకు, సగం ఆకాశం కనిపించినప్పుడు ఏం చేశారు? గొట్టం వంగిందా? ఒక నియమం పెట్టుకుని మళ్ళీ నడవండి. తేడా తగ్గిందా? వేసవిలో ఒకసారి, వానాకాలం తరువాత ఒకసారి కొలిచి, తేదీ వేసి నోటు పుస్తకంలో దాచుకోండి. మీ తరువాతి తరగతి వారికి ఆ పుస్తకం ఇచ్చి, అదే పద్ధతిలో కొనసాగించమనండి.